యాభైమందీ మాట్లాడక్కర్లేదు: కాగ్నిటివ్ రేడియోలో ఫీడ్‌బ్యాక్ బరువు దించుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాగ్నిటివ్ రేడియో అంటే లైసెన్స్ ఉన్నవాడిని (ప్రైమరీ) ఇబ్బంది పెట్టకుండా అతని బ్యాండ్‌నే లైసెన్స్ లేనివాళ్లు (సెకండరీ) వాడుకునే ఏర్పాటు. ఒక సెకండరీ బేస్ స్టేషన్, దాని కింద 50 మంది సెకండరీ యూజర్లు, అదే బ్యాండ్‌లో పక్కనే ఒక ప్రైమరీ రిసీవర్. మీరు చూస్తున్నది అప్‌లింక్, అంటే యూజర్ నుంచి బేస్ స్టేషన్‌కు పంపే దిశ. ప్రతి 10 మిల్లీసెకన్ల ఫ్రేమ్ మొదట్లో ప్రతి యూజరూ తన వంతు స్లాట్‌లో రెండు ఛానెళ్ల (సిగ్నల్ వెళ్లే దారుల) సంగతి చెబుతున్నాడు, ఇదే ఫీడ్‌బ్యాక్: తనకూ బేస్ స్టేషన్‌కూ మధ్యది ఒకటి, తనకూ ప్రైమరీకీ మధ్యది ఒకటి. ఒక్కోదానికి 8 బిట్లు. కంట్రోల్ ఛానెల్ వేగం సెకనుకు 250 కిలోబిట్లు. యూజర్లు 20 మంది అయ్యేదాకా నికర త్రూపుట్ (ఫీడ్‌బ్యాక్ ఖర్చు పోగా వెళ్లే డేటా) పెరిగింది, ఆ తర్వాత దిగజారుతోంది. ఈ 8 బిట్లను 5కో 4కో దించే మంచి క్వాంటైజర్ (కొలతను కొద్ది బిట్లలోకి కుదించేది) చెప్పమన్నారు.

క్వాంటైజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు లెక్క చూద్దాం.

50 మంది, ఒక్కొక్కరికి 16 బిట్లు, మొత్తం 800 బిట్లు. 250 కిలోబిట్ల వేగంతో 3.2 మిల్లీసెకన్లు. అంటే ఫ్రేమ్‌లో 32 శాతం. ఇక్కడిదాకా మీ సిమ్యులేషన్‌లో ఉండే ఉంటుంది. ప్రతి యూజరూ తన 16 బిట్ల ముందు పంపాల్సిన ప్రీయాంబుల్ (రిసీవర్ పట్టుకోవడానికి ముందొచ్చే గుర్తు సిగ్నల్), ఇద్దరి స్లాట్ల మధ్య వదలాల్సిన గార్డ్ టైమ్ మాత్రం ఉన్నాయా? రెండూ కలిపి 60 మైక్రోసెకన్లు అనుకుంటే, అదేమీ దుబారా లెక్క కాదు, 50 మందికి ఇంకో 3 మిల్లీసెకన్లు. మొత్తం 6.2. ఫ్రేమ్‌లో డేటాకి మిగిలింది 38 శాతం. ఇప్పుడు మీరు కష్టపడి 8 బిట్లను 4కి దించారనుకోండి. 3.2 కాస్తా 1.6 అవుతుంది, ఆ 3 మిల్లీసెకన్లు మాత్రం కదలవు. ఇంకా 46 శాతం ఫీడ్‌బ్యాక్‌కే పోతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు.

నేనూ మొదట్లో ఈ గోతిలోనే పడ్డాను. మొదటి సిమ్యులేషన్‌లో ఫీడ్‌బ్యాక్ సమయాన్ని తీసెయ్యకుండా గ్రాఫ్ గీశాను, యూజర్లు పెరిగేకొద్దీ గీత అందంగా పైకి పోయింది. తర్వాత బల్లమీద నాలుగు రేడియోలు పెట్టి నడిపిన రోజు తెలిసొచ్చింది, వినే స్థితి నుంచి పంపే స్థితికి మారడానికి రేడియో తీసుకునే సమయమే నా రిపోర్టు పంపే సమయం కంటే పెద్దదని. అప్పటినుంచి బిట్లు లెక్కపెట్టే ముందు నోళ్లు లెక్కపెట్టడం అలవాటైంది. మీ చిక్కు కూడా అక్కడే ఉంది.

నోళ్లు తగ్గించే ముందు ఒక చిన్న దిద్దుబాటు. రెండు సంఖ్యలు పంపడం ఎందుకు? ఎవరికి స్లాట్ ఇవ్వాలో తేల్చుకోవడానికి బేస్ స్టేషన్‌కు కావలసింది ఒక్కటే: ఈ యూజర్ ప్రైమరీని ఇబ్బంది పెట్టకుండా పంపితే తన దగ్గర సిగ్నల్ ఎంత బలంగా వస్తుంది? అది యూజరే లెక్కగట్టుకోగలడు. టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపడం, వినడం) అయితే బేస్ స్టేషన్ పంపే పైలట్ (ముందే తెలిసిన సిగ్నల్) విని తన ఛానెల్ తెలుసుకుంటాడు. ప్రైమరీ రిసీవర్ తన వంతులో పంపేటప్పుడు విని అటువైపు ఛానెల్ తెలుసుకుంటాడు. ఇంటర్‌ఫియరెన్స్ పరిమితిని (ప్రైమరీ దగ్గర తను చేయగల గరిష్ఠ గొడవను) ఆ రెండో ఛానెల్‌తో భాగించి, వచ్చినదాన్ని తన గరిష్ఠ పవర్‌తో పోల్చి, ఏది తక్కువైతే ఆ పవర్‌తో తన ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) ఎంతో చూసుకుంటాడు. ఒక్క సంఖ్య, 4 బిట్లు చాలు. ఎల్టీఈ (4జీ)లో ఛానెల్ నాణ్యత చెప్పే సీక్యూఐ కూడా 4 బిట్లే. ఈ పద్ధతి పనిచేయాలంటే రెండు షరతులు: ప్రైమరీ ఎంత పవర్‌తో పంపుతోందో ముందే తెలిసుండాలి, మీ రేడియోలో పంపే దారికీ వినే దారికీ ఉన్న గెయిన్ తేడాను క్యాలిబ్రేట్ చేసుకోవాలి. రెండోదాన్ని పేపర్లలో ఒక వాక్యంలో దాటేస్తారు, బల్లమీద అది దాటదు.

ఇక అసలు సంగతి. బేస్ స్టేషన్ ఎంచుకునేది ఒక్కరిని. మిగతా 49 మంది చెప్పినదంతా విని పారేస్తుంది. ఛానెల్ బాగాలేనివాడు 'నాకు బాగాలేదు' అని 16 బిట్లలో వివరంగా చెప్పుకోవడం ఎందుకు? ఊరుకుంటే చాలు, ఆ ఊరుకోవడమే సమాచారం. 2004లో డేవిడ్ గెస్బర్ట్, మొహమ్మద్-స్లిమ్ అలూనీ చూపించినది ఇదే: ఒక థ్రెషోల్డ్ (కనీస హద్దు) పెట్టి, దాన్ని దాటినవాళ్లనే మాట్లాడనిస్తే ఫీడ్‌బ్యాక్ బాగా పడిపోతుంది, మల్టీయూజర్ డైవర్సిటీ లాభం (ఎక్కువమందిలోంచి ఉత్తముణ్ని ఎంచుకోవడం వల్ల వచ్చేది) మాత్రం పెద్దగా పోదు.

థ్రెషోల్డ్ ఎంత? ఎవ్వరూ దాటని ఫ్రేమ్‌లు నూటికి ఒకటి మించకూడదనుకుందాం. ఒక్కో యూజర్ దాటే అవకాశం 8.8 శాతం ఉండేలా పెడితే, 50 మందిలో ఎవరూ దాటకపోవడానికి అవకాశం సరిగ్గా 1 శాతం. సగటున మాట్లాడేది 4.4 మంది. ఇదే లెక్క 20 మందికి వేస్తే 4.1, 100 మందికి వేస్తే 4.5. యూజర్లు ఎంతమందైనా 4.6 దాటదు, ఎందుకంటే అది 100కి సహజ లాగరిథమ్. మీ గ్రాఫ్ 20 దగ్గర వంగిపోవడానికి కారణమైన 'యూజర్లు పెరిగితే ఫీడ్‌బ్యాక్ పెరగడం' అన్నదే ఇక్కడ లేదు. ఈ అంకెలు నేను మొదటిసారి చేత్తో వేసుకున్నప్పుడు నమ్మలేక రెండుసార్లు వేశాను.

ఇక్కడొక మోసం ఉంది, చాలామంది గమనించరు. 50 మందికీ విడివిడిగా స్లాట్లు కేటాయించే ఉంచి, థ్రెషోల్డ్ దాటనివాళ్లు ఊరుకున్నారనుకోండి. వాళ్ల బ్యాటరీ మిగిలింది, ప్రైమరీకి గొడవ తగ్గింది, కానీ ఫ్రేమ్‌లో సమయం ఒక్క మైక్రోసెకను కూడా మిగల్లేదు. ఖాళీ కుర్చీ కూడా చోటు తింటుంది. సమయం మిగలాలంటే ఆ నలుగురైదుగురూ ఉమ్మడి మినీస్లాట్లలో పోటీపడాలి. అప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాలి గనక 6 బిట్ల ఐడీ, దానికి 4 బిట్ల విలువ, మొత్తం 10 బిట్లు, 40 మైక్రోసెకన్లు. ప్రీయాంబుల్, గార్డ్ కలిపితే మినీస్లాట్ 100 మైక్రోసెకన్లు. ప్రతివాడూ ఒక్కో మినీస్లాట్‌లో నాలుగోవంతు అవకాశంతో పంపుతాడు. పోటీలో నలుగురైదుగురున్నప్పుడు ఒక మినీస్లాట్‌లో ఒక్కడే పంపి నెగ్గే అవకాశం సుమారు 40 శాతం. ఆరు మినీస్లాట్లు ఇస్తే, ఒక్కసారి కూడా ఎవరూ నెగ్గకపోవడానికి 5 శాతం లోపే. అలా జరిగిన ఫ్రేమ్‌లో పోయిన ఫ్రేమ్‌లో పంపినవాడికే మళ్లీ ఇచ్చెయ్యండి. మొత్తం ఖర్చు 0.6 మిల్లీసెకన్లు. ఇందాక 6.2.

నష్టం ఏమిటి? నెగ్గినవాడు థ్రెషోల్డ్ దాటినవాళ్లలో ఎవరైనా కావచ్చు, అందరిలో ఉత్తముడే కానక్కర్లేదు. రేలీ ఫేడింగ్‌లో (సిగ్నల్ అనేక ప్రతిఫలనాలతో చేరి బలం హెచ్చుతగ్గులయ్యే మోడల్‌లో) 50 మందిలో ఉత్తముడి గెయిన్ సగటుకు 4.5 రెట్లు. థ్రెషోల్డ్ దాటిన ఎవరో ఒకరిది 3.4 రెట్లు. తేడా 1.2 డెసిబెళ్లు. సగటు ఎస్‌ఎన్‌ఆర్ 10 డెసిబెళ్లు అనుకుని వేస్తే మీ పద్ధతిలో నికరంగా హెర్ట్జ్‌కు సెకనుకు 2.1 బిట్లు, దీంతో 4.5. ఇందులో ఎవరూ దాటని 1 శాతం, ఎవరూ నెగ్గని 5 శాతం కూడా తీసేశాను. సగటు గెయిన్‌ను నేరుగా లాగ్‌లో పెట్టి వేసిన మోటు లెక్క ఇది, ఎర్గాడిక్ రేటు (ఫేడింగ్ అంతటి మీదా తీసిన రేటు సగటు) కాదు. మీ సిమ్యులేషన్‌లో అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, కథ మారదు.

పోటీ బదులు టైమర్ పద్ధతి కూడా ఉంది: ఛానెల్ ఎంత బాగుంటే అంత త్వరగా టైమర్ అయిపోయేలా పెట్టి, ముందు పలికినవాడి గొంతు విని మిగతావాళ్లు ఆగిపోవడం. కాగితం మీద దీనంత చక్కనిది లేదు, ఉత్తముడే నెగ్గుతాడు. కానీ యూజర్లు ఒకరికొకరు వినపడాలి. బేస్ స్టేషన్‌కు అటూ ఇటూ దూరంగా ఉన్న ఇద్దరికి ఒకరి గొంతు ఒకరికి చేరదు, ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. నేనైతే చిన్న గదిలో పెట్టే నెట్‌వర్క్‌కు తప్ప దీన్ని వాడను.

ఒక మాట క్వాంటైజర్ గురించి, ఎలాగూ అడిగారు గనక. మామూలు సెల్యులర్ క్వాంటైజర్‌ను యథాతథంగా తెచ్చి పెట్టకండి. పవర్‌ను ప్రైమరీ పరిమితే కట్టేస్తున్నప్పుడు మీ యూజర్ నాణ్యత అంటే రెండు ఫేడింగ్‌ల నిష్పత్తి: తన ఛానెల్‌ను ప్రైమరీ ఛానెల్‌తో భాగించినది. దీని తోక చాలా పొడవు, అంటే సగటు కంటే చాలా పెద్ద విలువలు తరచుగానే వస్తాయి. మామూలు రేలీలో పైనున్న 9 శాతంలోకి రావాలంటే సగటుకు 2.4 రెట్లు ఉంటే చాలు. ఇక్కడ, రెండు ఛానెళ్ల సగటులూ సమానమైతే, నిష్పత్తి 10 దాటాలి. అందుకే మెట్లు డెసిబెళ్లలో వెయ్యండి, సరళంగా వెయ్యకండి. ఈ పొడవు తోక వల్ల మీకో లాభం కూడా ఉంది: యూజర్లు పెరిగేకొద్దీ రేటు, మామూలు నెట్‌వర్క్‌లోలాగా లాగ్ లాగ్ (లాగరిథమ్‌కు మళ్లీ లాగరిథమ్, చాలా మెల్లగా) చొప్పున కాక, లాగ్ చొప్పున పెరుగుతుంది. గరిష్ఠ పవర్ హద్దు తగిలేదాకానే అనుకోండి.

థ్రెషోల్డ్ అందరికీ ఒకటే పెడితే ప్రైమరీ పక్కన కూర్చున్నవాడికి ఎప్పటికీ వంతు రాదు. ఎవడి థ్రెషోల్డ్ వాడి సొంత చరిత్రలో పై 8.8 శాతం దగ్గర పెట్టుకుంటే అందరికీ సమానంగా వంతులొస్తాయి, పైన వేసిన లెక్క ఏమీ మారదు.

ఇప్పటిదాకా చెప్పింది మీ సొంత లింక్ సంగతి. ప్రైమరీ వైపు కథ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడమే ఈ రంగంలో ఎక్కువగా కనిపించే పొరపాటు. సొంత లింక్‌లో యూజర్ మౌనంగా ఉంటే నష్టపోయేది మీరే. ప్రైమరీ వైపు నుంచి సమాచారం రాకపోతే? మౌనం అర్ధాంగీకారం అనే సామెత ఇక్కడ చెల్లదు. రిపోర్టు రాలేదంటే ప్రైమరీకి బాగానే ఉందని కాదు, ఆ రిపోర్టే ఫేడింగ్‌లో కొట్టుకుపోయి ఉండొచ్చు. కాబట్టి సొంత లింక్‌లో 'బాగుంటేనే చెప్పు', ప్రైమరీ వైపు 'చెప్పకపోతే తగ్గిపో'.

అసలు ప్రైమరీ మీతో ఎందుకు మాట్లాడుతుంది? లైసెన్స్ డబ్బు కట్టినవాడికి మీకు ఛానెల్ వివరాలు పంపాల్సిన అవసరమేముంది? అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో 'ఇంటర్‌ఫియరెన్స్ టెంపరేచర్' అనే ఆలోచన ముందుకు తెచ్చింది: రిసీవర్ దగ్గర మొత్తం గొడవ ఒక హద్దు దాటనంతవరకు ఎవరైనా పంపుకోవచ్చని. 2007లో దాన్ని వదిలేసింది. రిసీవర్ దగ్గర ఎంత గొడవ ఉందో ఎవరు కొలుస్తారు, కొలిచి ఎవరికి చెబుతారు అన్నది ఆ ఆలోచనను మొదటినుంచీ వెంటాడిన ప్రశ్న. మీ ఫీడ్‌బ్యాక్ సమస్యే, పెద్ద ఎత్తున. నిజంగా నడుస్తున్న వ్యవస్థలు చూడండి. అమెరికాలోనే 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ సీబీఆర్‌ఎస్ అనే పంచుకునే బ్యాండ్‌లో క్షణక్షణం ఛానెల్ సమాచారం ఎవరూ పంపుకోరు. ఒక కేంద్ర డేటాబేస్ అనుమతులిస్తుంది, ఆపమంటే రేడియో 60 సెకన్లలో ఆపాలి. టీవీ బ్యాండ్‌ల కోసం 2011లో వచ్చిన ఐఈఈఈ 802.22 ప్రమాణంలో ప్రైమరీని పసిగట్టడానికి ఇచ్చిన గడువు 2 సెకన్లు. మిల్లీసెకన్ల మాట ఎక్కడా లేదు.

అందుకని మీరు కూడా ఒకసారి ఇలా వేసి చూడండి: ప్రైమరీ వైపు ఛానెల్ సగటు మాత్రమే తెలుసు, క్షణక్షణ విలువ తెలియదు. హద్దు దాటే అవకాశం 5 శాతం మించకూడదనేది షరతు. రేలీ అయితే జవాబు ఒక్క ముక్కలో వస్తుంది: సగటు ప్రకారం పంపగలిగిన పవర్‌ను 3తో భాగించండి, అంటే 4.8 డెసిబెళ్లు తగ్గండి. 1 శాతమే ఒప్పుకుంటామంటే 6.6 డెసిబెళ్లు. 20 డెసిబెళ్ల ఎస్‌ఎన్‌ఆర్ దగ్గర ఆ 4.8 వదులుకుంటే రేటు 6.7 నుంచి 5.1కి పడుతుంది, దాదాపు నాలుగోవంతు నష్టం. నిష్పత్తి వల్ల వచ్చే పొడవు తోక లాభం కూడా పోతుంది. అయినా ప్రైమరీ ఛానెల్ తెలుసుకోవడానికే ఫ్రేమ్‌లో అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే ఈ బేరమే మేలు. హద్దు క్షణానిది కాక సగటుది అయితే ఈ కోత కూడా అక్కర్లేదు. సగటు హద్దు ప్రైమరీకి కూడా మేలు చేయవచ్చని రుయ్ జాంగ్ 2009లో చూపించారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ లెక్క సరైనదే.

ప్రైమరీ సహకరించకపోయినా అది తన సొంత అవతలి పక్షానికి పంపే ఏక్, న్యాక్‌లు ('అందింది', 'అందలేదు' అనే జవాబులు) గాలిలోనే ఉంటాయి. వాటిని విని, న్యాక్‌లు పెరిగితే పవర్ తగ్గించడం, లేకపోతే మెల్లగా పెంచడం. ఫీడ్‌బ్యాక్ ఖర్చు మీకు సున్నా. కానీ న్యాక్ మీ వల్ల వచ్చిందో, వాళ్ల సొంత ఫేడింగ్ వల్ల వచ్చిందో తెలియదు, అందుకని చాలాసేపు విని సగటు తీయాలి. నిలకడగా ఉన్న చోట తప్ప దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

యూజర్ దగ్గర ఒకటి కంటే ఎక్కువ యాంటెనాలుండి, ప్రైమరీ దిశలో సున్నా పెట్టాలనుకుంటే (అటు సిగ్నల్ పోకుండా చేయాలనుకుంటే), దిశ తెలిపే బిట్లు మాత్రం ఖరీదైనవి. 4 యాంటెనాలైతే ఒక్కో బిట్‌కు లీకేజీ (ప్రైమరీ వైపు కారే పవర్) ఒక్క డెసిబెల్ తగ్గుతుంది. 10 డెసిబెళ్లు కావాలంటే 10 బిట్లు. 8 యాంటెనాలైతే ఒక్కో బిట్‌కు 0.43 డెసిబెళ్లే. బిట్లు పంచాల్సివస్తే ప్రైమరీ దిశకే ఎక్కువ ఇవ్వండి. సొంత లింక్ దిశలో తప్పు జరిగితే కాస్త గెయిన్ పోతుంది, అటు తప్పితే అనుమతే పోతుంది.

ఎంత తరచుగా పంపాలన్నది వేగం తేలుస్తుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకు 3 కిలోమీటర్లతో నడిచేవాడి డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) 10 హెర్ట్జ్ లోపు, ఛానెల్ సుమారు 43 మిల్లీసెకన్లు నిలుస్తుంది. అంటే మీ నాలుగు ఫ్రేమ్‌లు. ప్రతి ఫ్రేమ్‌లోనూ రిపోర్టు అడగడం దండగ. అదే 60 కిలోమీటర్ల వేగంలో 2.2 మిల్లీసెకన్లు. మీ 6.2 మిల్లీసెకన్ల ఫీడ్‌బ్యాక్ ముగిసేసరికి మొదట చెప్పినవాడి సమాచారం పాచిపోయి ఉంటుంది. అక్కడ క్షణక్షణ ఫీడ్‌బ్యాక్ పూర్తిగా మానేసి సగటులతో నడపడం తప్ప దారి లేదు.

సెన్సింగ్ రిపోర్టుల (ప్రైమరీ పంపుతోందో లేదో విని యూజర్లు చెప్పేవి) గురించి కూడా మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యంలో అడిగారు. అక్కడా ఇదే సూత్రం: ఎనర్జీ కొలత రెండు థ్రెషోల్డుల మధ్య పడి ఎటూ తేలనివాడు ఊరుకోవాలి, తేలినవాడు ఒక్క బిట్ పంపాలి. ఆర్ రూల్ (ఒక్కరు ప్రైమరీ ఉందన్నా ఉన్నట్టే లెక్క) వాడితే మాత్రం జాగ్రత్త. పదిమంది రిపోర్టు చేస్తూ రిపోర్టింగ్ ఛానెల్‌లో బిట్ తప్పే అవకాశం 1 శాతం ఉంటే, సెన్సింగ్ ఎంత గొప్పగా ఉన్నా తప్పుడు అలారం 9.6 శాతం కిందికి దిగదు. ఆ ఒక్క బిట్‌ను కోడింగ్ లేకుండా పంపి మిగిల్చేదేమీ లేదు.

మీ ప్రశ్నలో లేని రెండు సంగతులు: యూజర్ల వేగం ఎంత, ప్రైమరీ టీడీడీయా ఎఫ్‌డీడీయా. వేగం నడక స్థాయిలో ఉండి టీడీడీ అయితే థ్రెషోల్డ్, ఆరు మినీస్లాట్లు, నాలుగు ఫ్రేమ్‌లకోసారి రిపోర్టు పెట్టి చూడండి. ఎఫ్‌డీడీ అయితే ప్రైమరీ వినే ఫ్రీక్వెన్సీ, పంపే ఫ్రీక్వెన్సీ వేరు గనక విని తెలుసుకున్న క్షణక్షణ విలువ పనికిరాదు, పాత్ లాస్ (దూరం వల్ల తగ్గుదల), షాడోయింగ్ (అడ్డంకుల వల్ల తగ్గుదల) సగటు మాత్రమే పనికొస్తుంది. అప్పుడు నేరుగా 4.8 డెసిబెళ్ల కోతతో మొదలుపెట్టి, థ్రెషోల్డ్‌ను సొంత లింక్‌కు మాత్రమే వాడండి. రెండు గ్రాఫ్‌లూ ఇక్కడ పెడితే చూస్తాను, ప్రీయాంబుల్ సమయం తీసేశాకే.